ఎర్రనూలు చుట్టిన మూత

భివండి,
4 మార్చి 2025

చెల్లె పద్మలతకు,

అన్న వెంకటరాజం రాస్తున్నాను. మంచిగానే చేరాను. రైల్లో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి సోలాపూర్ దాకా ఏదో చెబుతూనే ఉన్నాడు, నేను తల ఊపుతూనే ఉన్నాను. దిగేటప్పుడు నా రెండు చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఏం చెప్పుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి. చెవుడులో ఉన్న లాభం ఇదొక్కటే, అందరికీ మంచోడిలా కనబడతాం.

టచ్ ఫోన్ కొనుక్కోమని మళ్ళీ మొదలుపెట్టకు. ముప్ఫై ఏండ్లు పవర్‌లూముల చప్పుడు మింగిన చెవులకు ఏ ఫోనైనా ఒకటే. టైపు కొట్టమంటావు గానీ, నా వేలు ఒక అక్షరం మీద పెడితే మూడు పడతాయి. ఏటా రాఖీ కవరులో నువ్వు పెట్టే ఉత్తరమే నాకు బాగుంటుంది. తీరుబడిగా చదువుకోవచ్చు, కోపమొస్తే మడిచి జేబులో పెట్టుకోవచ్చు.

మీ వదిన సంవత్సరీకం ఏ లోటూ లేకుండా జరిపించావు. శ్యామల చూసి ఉంటే వంకాయ కూరలో ఉప్పు తక్కువైందని మాత్రం అనేది.

ఇప్పుడు బండి సంగతి. నాలుగేండ్ల కింద ఆ సరుకు ట్రాలీని కొని మీ వాకిట్లో పెట్టినప్పుడే అది పాతది. మీటరు నాలుగు లక్షల కిలోమీటర్ల కాడ ఆగిపోయింది, ఆ తర్వాత ఎంత తిరిగిందో ఎవరికీ తెలియదు. అయినా డీజిల్ ఇంజన్ గట్టిది. నాకు వినబడకపోయినా చేతులున్నాయి కదా. లూము మీద చెయ్యి పెట్టినట్టు బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాను. వణుకు సమంగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. సుదర్శన్ బావ నవ్వుతూ చూశాడు గానీ, ఆ నవ్వు నాకు అర్థం కాలేదనుకోకు.

ఒక్కటే లోపం దొరికింది. ఇంజన్ మీద ఆయిల్ పోసే మూత దగ్గర నూనె ఉబుకుతోంది. లోపలి రబ్బరు రింగు ఎండి పెంకైంది. ఆ సైజు దొరకడం లేదని బావ గుడ్డపేలిక కట్టి తిరుగుతున్నాడు. నూలు నేసే ఇంట్లో పేలికా! అందుకే జంపఖానాల కోసం తెచ్చిన ఎర్రనూలు తీసి, మూత బిగిసే మర మీద పోగు పక్కన పోగు పేర్చి చుట్టి బిగించాను. మూత తీసినప్పుడల్లా పాతది పడేసి మళ్ళీ కొత్తది చుట్టమను. నీకు చూపించాను కదా, నువ్వు దగ్గరుండి చూడు.

దసరాకు ఇక్కడి పని చాలిస్తాను. బండి తీసుకుని బావను భివండి రమ్మను. నా సామాను ఎంత, ఒక బీరువా, రెండు బిందెలు, మీ వదిన ఫొటో. ముందర గదిలో నాయిన నేసిన మగ్గం నేను పట్టుకుంటాను. మిగతా పొద్దు బండిలో బావ పక్కన కూర్చుని సరుకు దించుతాను. ఊరికే కూర్చుని తినే మనిషిని కాను, నీకు తెలుసు. ఆ బండి నడిచినంత కాలం మీ ఇంట్లో నాకూ ఒక హక్కు ఉందనుకుంటాను.

ఇట్లు,
మీ చెవిటి అన్న

*

వరంగల్, కొత్తవాడ,
17 మార్చి 2025

అన్నా,

దండాలు. నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను జంపఖానా అంచులు ముడేస్తున్నాను. చేతులు కడుక్కోకుండానే విప్పాను, అందుకే ఉత్తరం మీద మరకలు పడ్డాయి. నీ ఉత్తరం గోడకు తగిలించుకునేది కాదు కదా, ఏం కాదులే.

హక్కు గిక్కు అని రాస్తావేంటి? నేను ఆరో తరగతిలో ఉండగా నువ్వు భివండి రైలెక్కావు. అప్పటినుంచి అన్నను కవర్లలోనే చూస్తున్నాను. నువ్వు వచ్చి ఈ ఇంట్లో కూర్చుని నా మీద అరిస్తే చాలు. బండి నడిచినా నడవకపోయినా నువ్వు రావాలి.

అయినా బండి భేషుగ్గా నడుస్తోంది. నువ్వు చుట్టిన మూత ఒక్క చుక్క కార్చడం లేదు. మీ బావ ఆటోనగర్‌లో అందరికీ బానెట్ లేపి చూపిస్తున్నాడు. "మా బావ సుట్టిండు, సూడుండ్రి. నేత నేసే సాలోళ్ళ చెయ్యి పడితే లీకేజీ ఉంటదా?" అంటాడు. ఆయిల్ పోసినప్పుడల్లా కొత్త నూలు చుడుతున్నాము. ఆయన చేతికి కుదరకపోతే నేనే చుడుతున్నాను. పాత పోగులు మూతకు అంటుకుని, నలిగి ఊడుతున్నాయి. కొత్తవి మాత్రం ఎర్రగా ముద్దుగా కూర్చుంటున్నాయి.

ముందర గదిలోని నూలు మూటలు పక్కకు జరిపించాను. నాయిన మగ్గానికి చెదలు పట్టలేదు. నేను గుడ్డ పెట్టి తుడుస్తుంటే మీ బావ, "ఆయనొచ్చేది దసరాకు గదనే, గిప్పట్నుంచే తుడుసుడేంది?" అని వెక్కిరించాడు. ఆయన మాత్రం బండిలో పక్క సీటుకు కొత్త కవరు వేయించాడు. ఎవరి కోసమో అడిగితే చెప్పడం లేదు.

నీ చెల్లె
పద్మలత

*

వరంగల్,
2 జూన్ 2025

అన్నా,

ఎండలు మాడ్చేస్తున్నాయి. కొత్తవాడలో కరెంటు పొద్దున పోతే మధ్యాహ్నానికి వస్తోంది. నీకు వేసిన మామిడికాయ పచ్చడి జాడీలో ఉంది. పంపమంటే పంపుతాను, లేదంటే నువ్వొచ్చే దాకా ఉంచుతాను.

బండికి జర తకలీఫ్ అయింది. తొర్రూరు నుంచి వస్తూ వర్ధన్నపేటలో చాయ్‌కి ఆపితే, డాష్‌బోర్డు మీద ఆయిల్ గుర్తున్న ఎర్రలైటు మిణుకుమంటోంది. స్పీడు మీద ఉంటే రాదు, నెమ్మదిస్తే వస్తుంది. ఆటోనగర్‌లో యాకయ్య అని ఒక మెకానిక్ ఉన్నాడు, మనకు నమ్మకమైన మనిషి. ఆయన లైటు స్విచ్ మార్చాడు. రెండు రోజులు బాగుండి మళ్ళీ మొదలైంది.

"అక్కా, ఇంజన్ కింద ఆయిలు చాంబర్ ఇప్పి సూడాలె. ఆయిలు గుంజే కాడ జల్లెడ ఉంటది. ఆడ ఏమన్న అడ్డం పడ్డదేమో. బండి రెండు దినాలు నా కాడ ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు. మీ బావ ఒప్పుకున్నాడు. నేనే ఆపాను. నీ బండి కదా, నీకొక మాట చెప్పి విప్పుదామన్నాను. ఏం చెయ్యమంటావో వెంటనే రాయి.

పద్మలత

*

భివండి,
11 జూన్ 2025

చెల్లె,

విప్పొద్దు. మళ్ళీ చెబుతున్నాను, విప్పొద్దు.

నడుస్తున్న ఇంజన్‌ను విప్పితే మళ్ళీ ముందటి లెక్క ఉండదు. ఇక్కడ మా సేటు ఒక మంచి లూమును ఇట్లాగే ఓవరాయిలింగ్ అని విప్పించాడు, ఆరు నెలలైనా దాని అతుకు సరిగ్గా కూర్చోలేదు. మెకానిక్‌లకు విప్పడం సంబరం. వాళ్ళను నమ్మి బండిని వాళ్ళ చేతుల్లో పెడితే అంతే.

లైటు ఎందుకు వస్తోందో నాకు ఇక్కడినుంచే తెలుస్తోంది. బావ ఆయిల్ టైముకు మార్చడం లేదు. నేను వచ్చినప్పుడు గేజీ పుల్ల లాగి చూశాను, ఆయిల్ బొగ్గులాగా నల్లగా ఉంది. అప్పుడే అందామనుకున్నాను, సంవత్సరీకం పూట ఎందుకని ఊరుకున్నాను. మనిషి మంచోడే గానీ పని వాయిదా వేసే గుణం ఉంది. పెండ్లిలో తాళి కట్టడానికి కూడా ఆలస్యంగానే వచ్చాడు, యాదికుందా?

చిక్కటి ఆయిల్ పోయించు. లైటు పోకపోతే నన్ను అడుగు.

పచ్చడి పంపకు, ఉంచు. వచ్చి తింటాను.

వెంకటరాజం

*

వరంగల్,
30 జూలై 2025

అన్నా,

రాఖీ ఇందులో పెట్టాను. ఎవరితోనైనా కట్టించుకో, నువ్వే పళ్ళతో లాగి కట్టుకోకు. ఇంకొకటి ఎప్పటిలాగే బండి స్టీరింగుకు కడతాను. నువ్వు లేవు గనుక దానికి కట్టడం అలవాటైపోయింది. వచ్చే ఏడు దానికి కట్టేది లేదు, నీ చేతికే.

నీ మాట ప్రకారం చిక్కటి ఆయిల్ పోశాము. లైటు ఆగిపోయింది. చాంబర్ విప్పలేదు. నువ్వు చెప్పిందే నిజమైందని రాద్దామనుకుని ఇన్ని రోజులు కూర్చోలేకపోయాను. నా మనసు బాగాలేదు.

నేనొక తెలివితక్కువ పని చేశాను. నీ ఉత్తరాన్ని ఆటోనగర్‌లో, యాకయ్య ముందే మీ బావకు చదివి వినిపించాను. విప్పొద్దన్నావని చెప్పడానికే చదివాను. నోటికి అలవాటైన వేగంలో ఆయిల్ మార్చడం లేదన్న మాట కూడా చదివేశాను. యాకయ్య, "డీజిల్ బండ్ల కొత్త ఆయిల్ పోసినా తెల్లారేసరికి నల్లగనే అయితదక్కా. సుదర్శనన్న టైముకు మారుస్తనే ఉన్నడు," అన్నాడు. మీ బావ నాకన్నా ముందే ఇంటికి పోయాడు. ఇంటికొచ్చి చూస్తే ఖాళీ ఆయిల్ డబ్బాలన్నీ గోడ పక్కన వరుసగా పేర్చి ఉన్నాయి. నాకు చూపించడానికే పేర్చాడని తెలిసి కూడా నేను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే తేలిపోయేది.

ఇప్పుడు లైటు లేదు గానీ, బండి ఎత్తు ఎక్కుతుంటే లోపల టకటకమని చప్పుడు. నీకు ఎట్లా రాసి చూపించాలో తెలియడం లేదు. తలుపు మీద వేలితో కొట్టినట్టు ఉంటుంది. నీలాగ బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాను, నాకేమీ తెలియలేదు. చెయ్యి కాలింది, అంతే.

చెల్లె

*

భివండి,
9 ఆగస్టు 2025, రాఖీ పున్నమ

చెల్లె పద్మకు దీవెనలు.

రాఖీ పక్క లూము పిలగానితో కట్టించుకున్నాను. వాడు నా చేతికి మూడు ముళ్ళు వేశాడు, పెండ్లి అనుకున్నాడేమో.

సేటుకు చెప్పేశాను. దసరా దాకానే ఉంటానని, నా లూములు ఇంకొకరికి ఇచ్చుకొమ్మని. అన్నం డబ్బా కూడా ఎవరికి ఇచ్చేదీ చూసుకున్నాను. ఇన్నేండ్లలో ఒక్కసారి కూడా ఇట్లా రోజులు ఎదురుచూడలేదు. అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు, నవ్వనీ.

చప్పుడు గురించి ఫికర్ చెయ్యకు. ముసలోని మోకాళ్ళు లేచినప్పుడు కలుక్కుమనవా? నడుస్తుంది. బావకు కోపమొచ్చిందా? నేను వచ్చి పక్క సీట్లో కూర్చున్నాక రెండు రోజుల్లో పోతుంది. ఆ కొత్త కవరు ఎవరి కోసమో నాకు తెలుసని చెప్పు.

మీ అన్న

*

వరంగల్,
21 ఆగస్టు 2025
(ఈ ఉత్తరం పోస్టు చెయ్యలేదు)

అన్నా,

బండి పోయింది.

మొన్న జంపఖానాలు వేసుకుని తొర్రూరు పోతున్నాము, నేనూ పక్కన కూర్చున్నాను. రాయపర్తి దగ్గర ఎర్రలైటు వెలిగింది. మీ బావ పక్కకు తీసేలోపే ఇంజన్ ఒక్క అరుపు అరిచి పట్టేసింది. చక్రాలు రోడ్డు మీద గీరుకుపోయాయి. వెనక బస్సు వాడు సరిగ్గా ఆపుకున్నాడు గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంకో బండికి తాడు కట్టి ఆటోనగర్ తెచ్చారు.

యాకయ్య చాంబర్ విప్పాడు. లోపల జల్లెడ కనబడలేదు. దాని చుట్టూ నల్లటి ముద్ద అతుక్కుని ఉంది, నెయ్యిలో నానిన ఒత్తిలాగ. యాకయ్య దాన్ని చేత్తో ఊడదీసి డీజిల్‌లో జాడించాడు. నలుపు పోతుంటే లోపలినుంచి ఎరుపు తేలింది. అన్నా, అది మన నూలు. నేను రంగును బట్టి చెప్పగలను, అది నేను కొన్న లాటే.

మూత బిగించినప్పుడల్లా పోగులు మర మీద తెగి లోపలికి రాలాయట. ఒక్కొక్కటే ఆయిల్‌తో పాటు కిందికి దిగి జల్లెడకు చుట్టుకున్నాయి. ఆయిల్ పైకి అందక బేరింగులు కాలిపోయాయి. యాకయ్య జూన్‌లో విప్పుతానన్నప్పుడు విప్పి ఉంటే చేత్తో తీసి పారేసేది. అప్పుడు ఆపింది నేనే. ఆ నూలు సగంసార్లు చుట్టింది కూడా నేనే. ఎంత ముద్దుగా కూర్చుందని మురిసిపోయాను కూడా!

నీ తప్పని రాయడం లేదు. నువ్వు బండి బాగుండాలనే చేశావు, మేము నువ్వు చెప్పావనే చేశాము. దుఃఖం ఆగడం లేదు అన్నా.

రాస్తుంటే మీ బావ వచ్చి వెనక నిలబడి చదివాడు. "గిది పంపకు," అన్నాడు. ఎందుకని అడిగాను. "ఆయనకు తెలిస్తే ఈ గడప తొక్కుతడా? నా చేత్తో నా చెల్లె బతుకుదెరువు పాడు జేసిన అని ఆడనే కూలవడుతడు. నా మీద రాయి. ఆయిలు మార్వలేదని రాయి."

నేను చుట్టానని రాస్తానంటే, "ఎవలు సుట్టిండ్రని రాసినా, సుట్టుమన్నది ఎవలో ఆయనకు ఎరుకే. నేను ఎట్లాగూ ఆయన దగ్గర మంచోన్ని అయ్యేది లేదు గని, నా మీదనే రాయి. నాలుగు మాటలు తిడుతడు, దసరాకు వస్తడు. వస్తే సాలు," అన్నాడు.

ఈ మనిషి ఆయిల్ మార్చడం లేదన్న మాటను నేను నలుగురిలో చదివి వినిపించాను.

*

వరంగల్,
22 ఆగస్టు 2025

అన్నకు దండాలు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది. రాయపర్తి దగ్గర బండి ఇంజన్ పట్టేసింది. మాకెవరికీ దెబ్బలు తగలలేదు. యాకయ్య చూసి, పాత ఇంజన్ కదా, ఇక బాగుచేయించడం దండుగ అన్నాడు. మీ బావ రెండుసార్లు ఆయిల్ మార్చడం దాటేశాడట, యాకయ్యకు కూడా చెప్పలేదట. నువ్వు ముందే అన్నావు, మేము వినలేదు. ఆయన తలెత్తడం లేదు. నువ్వు కోప్పడితే పడు, కానీ దసరాకు రా. బండి లేకపోతే రైలుంది. నీ సామాను పార్సిల్‌లో తెప్పిద్దాము. మగ్గం తుడిచి పెట్టాను.

పద్మలత

*

భివండి,
3 సెప్టెంబర్ 2025

పద్మలతకు,

నీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం ముట్టలేదు.

నేను వినబడని మనిషిని, అంతదూరంలో ఉన్నోడిని, ఉత్తరంలో చదివి ఆయిల్ సంగతి కనిపెట్టాను. కండ్లూ చెవులూ ఉండి, పొద్దున లేస్తే ఆ బండి మీదే కూర్చునే నీ మొగడికి తెలియలేదా? తెలియక కాదు, లెక్కలేక. వెంకటరాజం కొనిచ్చిందే కదా, పోతే పోనీ అనుకున్నాడు. ఈ లూముల ముందు నిలబడి నిలబడి నా కాళ్ళు కట్టెలైతే వచ్చిన బండి అది. శ్యామల దవాఖానలో పడి ఉన్నప్పుడు కూడా దాన్ని అమ్మమని అడగలేదు, మీకు ఆసరా అని.

నేను రాను. నా కష్టానికి విలువ లేని మనిషి ఇంట్లో, ఆయన పెట్టింది తింటూ, ఆయన ముఖం చూస్తూ నేను కూర్చోలేను. రోజూ ఏదో ఒక మాట అంటాను, నీ కాపురంలో గొడవ అవుతుంది. సేటుతో మాట్లాడి నా లూములు నాకే ఉంచుకున్నాను.

మగ్గం మీద గుడ్డ కప్పు.

వెంకటరాజం

*

వరంగల్,
3 అక్టోబర్ 2025

అన్నా,

నిన్న దసరా అయిపోయింది. నీ ఉత్తరం వచ్చినప్పటినుంచి నేను నీకు ఎన్నో జవాబులు రాసి చింపాను. ఇదైనా పంపుతానో లేదో చూడాలి.

"నీ మొగడు" అని రాశావు. ఎప్పుడూ బావ అనేవాడివి. ఆ ఒక్క మాటకు నాకు నీ మీద పీకల దాకా కోపముంది. నువ్వు అనుకునే మనిషి కాదు అన్నా ఆయన. అంతకన్నా ఏం రాయమంటావు? రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. నీ ఉత్తరం ఆయన నన్ను అడిగి తీసుకుని చదివాడు. చదివి మడిచి ఇచ్చి, "రాడా అయితే?" అని అడిగాడు. తిట్ల గురించి ఒక్క మాట లేదు. తిడితే వస్తాడనుకున్నాడు, పిచ్చి మనిషి.

బండిని తుక్కుకు ఇచ్చేశాము. తీసుకుపోయే ముందు స్టీరింగుకు కట్టిన రాఖీ విప్పుకున్నాను. కొత్త సీటు కవరు కూడా తీసి మడతపెట్టాను. ఆయన ఇప్పుడు ఇంకొకరి బండి నడుపుతున్నాడు. ఈసారి పండుగకు కడిగి పసుపు కుంకుమ పెట్టడానికి వాకిట్లో బండి లేదు. నిమ్మకాయలు మాత్రం అలవాటుగా తెచ్చాను, పులిహోరలో పిండాను.

జమ్మికి పోయి వచ్చి అందరం అలాయ్ బలాయ్ తీసుకున్నాము. ఈ కవరులో ఉన్న జమ్మి ఆకు ఆయన పంపుతున్నది. "మా బావకు పంపు. పండుగ పూట జమ్మి బంగారం తీసుకోనని ఎవ్వలనరు," అన్నాడు. తీసుకో అన్నా. మా మీద కోపం తీరేదాకా దాన్ని పడెయ్యకు.

బండి పోయిందని కాదు నా ఏడుపు. నువ్వు వస్తావని ఆ గదిలో ఎంత వెలుతురు పెట్టుకున్నానో నీకు తెలియదు.

నీ పద్మ

*

భివండి,
16 జనవరి 2026

చెల్లె పద్మకు,

ఇన్ని నెలలు రాయలేదు. ఎన్నోసార్లు కాగితం తీసి పెట్టుకున్నాను. జమ్మి ఆకు మీ వదిన ఫొటో వెనక పెట్టాను, ఎండిపోయింది గానీ ఉంది.

కొత్తవాడ నుంచి భానుచందర్ అని ఒకడు పనికి వచ్చాడు. మీ పక్క గల్లీ వాడేనట. నాకు వినబడదని కాగితం మీద రాసి చూపించాడు. బావ మళ్ళీ ఒక పాత ట్రాలీ తీసుకున్నాడట, పొద్దుగూకితే దాన్ని చిన్నపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటాడట. అది చదివాక నా కోపం కొంత దిగింది. తప్పు చేసినవాడు నేర్చుకుంటే ఇంకేం కావాలి? నేను రాసిన మాటలు ఎక్కువే. బావను అడిగానని చెప్పు. బావ అనే రాస్తున్నాను చూడు.

రావడం సంగతి ఇప్పుడు కాదు. సేటుకు మాట ఇచ్చాను. ఒంట్లో కూడా మునుపటి లెక్క లేదు, మెట్లెక్కితే ఆయాసం. ఎవరికీ బరువు కావాలని లేదు. ఆ బండి ఉంటే వేరు, దాని పక్క సీటు నాది అని ధైర్యంగా ఎక్కి కూర్చునేవాడిని. ఇప్పుడు ఏం చూపించి రావాలి చెప్పు?

కానీ ఒక్కటి చెబుతాను, మరిచిపోకు. కొత్తగా తెచ్చిన బండికి కూడా ఆయిల్ పోసే మూత చూడండి. పాత బండ్లన్నిటికీ ఆ రబ్బరు ఎండిపోతుంది. నేను చుట్టినట్టే నూలు చుట్టండి. ఆ బండి మొత్తంలో నా చెయ్యి పడింది ఆ ఒక్క చోటే. అది చుక్క కార్చలేదని నువ్వే రాశావు. ఇంజన్ పోయినా నా మూత మాత్రం చివరిదాకా నిలబడింది కదా అని పని చేసుకుంటూ ఒక్కోసారి అనుకుంటాను. నాకు జర సంతోషమైతది.

మీ అన్న
వెంకటరాజం

*

వరంగల్,
27 జనవరి 2026

అన్నా,

నీ ఉత్తరం ఇద్దరం కలిసి చదివాము. చివరికి వచ్చేసరికి కాగితం మీ బావ చేతికిచ్చాను, మిగతాది ఆయనే చదివాడు. తర్వాత ఆయన, "రాయి. ఆయన జెప్పినట్టే జేసినమని రాయి, ఆయనకు సంతోషమైతది," అని బయటికి పోయాడు.

ఆయాసానికి ఇక్కడ ఎం.జి.ఎం. దవాఖాన ఉంది. నువ్వు బరువైతే నేను మోస్తాను, చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని భద్రకాళి గుడికి తీసుకుపోలేదా? ఏమీ చూపించనక్కరలేదు. పాత సీటు కవరు కొత్త బండికి సరిపోయింది, పక్క సీటుకు వేశాము. మామిడికాయ పచ్చడి జాడీ ఇంకా మూత తీయలేదు.

కొత్త బండి మూత సంగతి అడిగావు. ఎర్రనూలు దొరికింది అన్నా, అదే లాటు. నువ్వు చూపించినట్టే, పోగు పక్కన పోగు పేర్చి చుట్టాము. ఒక్క చుక్క కారడం లేదు.

నువ్వే వచ్చి చెయ్యి పెట్టి చూడు.

నీ చెల్లె
పద్మ